పోగోలో చూసిన ఆ కోట రాజుగారు ఎవరు?

హన్మకొండ_90:
చిన్నప్పుడు బడి నుంచి రాగానే బ్యాగు పడేసి టీవీలో పోగో ఛానల్ పెట్టేవాళ్ళం. తకేషీస్ కాసిల్ అనే జపాన్ ఆటల ప్రోగ్రాం! జావేద్ జాఫ్రీ హిందీ కామెంటరీ సగమే అర్థమయ్యేది, అయినా తమ్ముడూ నేనూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. మొన్న మా అబ్బాయికి పాత క్లిప్పు చూపిస్తే, "నాన్నా, ఆ సింహాసనం మీద ఉన్నాయన ఎవరు? ఆయన ఆడడా?" అనడిగాడు. నాకు చెప్పడం రాలేదు. జపాన్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

సైతామా_తెలుగు:
నేను ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆయన పేరు కితానో తకేషి, టీవీలో బీట్ తకేషి. 1947లో టోక్యోలోని అదాచిలో పుట్టారు. నాన్న ఇళ్ళకు రంగులు వేసేవారు. మెయిజీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మధ్యలో మానేశారు. మీరు చూసిన ప్రోగ్రాం 1986 నుంచి 1990 దాకా ఇక్కడి టీబీఎస్ ఛానల్లో వచ్చింది. అప్పటికే ఆయన పెద్ద స్టార్.

కానీ నన్నడిగితే ఆయన కథ టోక్యోలోని అసకుసాలో మొదలవుతుంది. 1972లో అక్కడ ఫ్రాన్స్-జా అనే థియేటర్లో లిఫ్ట్ బాయ్‌గా చేరారు. బట్టలు విప్పే డాన్సులు ఆడే చోటు అది. మధ్యమధ్యలో చిన్న హాస్య నాటికలు వేసేవారు. వాటికి పెద్ద దిక్కు ఫుకామి సెన్‌జబురో. తకేషి ఆయన దగ్గరే ట్యాప్ డాన్సూ, నాటికలూ నేర్చుకున్నారు. జనం మనల్ని చూసి నవ్వడం కాదు, మనమే వాళ్ళని నవ్వించాలి అనేది ఆ గురువు నేర్పిన పాఠమని చెబుతారు.

ఫుకామికి టీవీ గిట్టదు. మాన్‌జాయ్ అన్నా ఇష్టం లేదు. మాన్‌జాయ్ అంటే ఇద్దరు మైకు ముందు నిలబడి, ఒకరు తిక్కగా మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు తగిలి సరిదిద్దడం. శిష్యుడు సరిగ్గా ఆ దారిలోనే వెళ్ళిపోయాడు. బీట్ కియోషితో కలిసి టూ బీట్ జట్టు కట్టి, 1980లో మాన్‌జాయ్ ఊపు మీదున్నప్పుడు దేశమంతా తెలిసిపోయాడు. ముసలివాళ్ళ మీద, పల్లెటూళ్ళ మీద మొరటు జోకులు వేసేవారు. వాటిలో కొన్ని నాకు ఇప్పటికీ నచ్చవు.

1983 ఫిబ్రవరిలో ఫుకామి తన ఇంట్లో మంటలంటుకుని చనిపోయారు. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ ఫ్రాన్స్-జా బిల్డింగులో ఇప్పుడు నాలుగో అంతస్తులో తోయోకాన్ అనే హాలుంది. గురువుగారికి నచ్చని మాన్‌జాయే అక్కడ ఆడుతోంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు జపనీస్ అంతంతమాత్రం. ముందు వరుసలో ఒక పెద్దావిడ నవ్వీ నవ్వీ రుమాలుతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం గుర్తుంది.

హన్మకొండ_90:
లిఫ్ట్ బాయా! అన్నా, సీరియస్ సినిమాలు తీసే కితానో కూడా ఈయనేనా?

లలిత_కాకినాడ:
ఆయనేనండీ. 1994 ఆగస్టులో స్కూటర్ ప్రమాదంలో ముఖం బాగా దెబ్బతింది. ఆ తర్వాత బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. 1997లో వెనిస్ సినిమా పండుగలో గోల్డెన్ లయన్ అవార్డు తెచ్చిన హనా-బీ సినిమాలో కనిపించేవి ఆయన వేసిన బొమ్మలే.

నాకు మాత్రం వాళ్ళమ్మ సాకిగారి సంగతే మనసులో ఉండిపోయింది. కొడుకు పేరు తెచ్చుకున్నాక ఆవిడ ఎప్పుడూ డబ్బు పంపమని అడిగేవారట. తర్వాత చూస్తే అదంతా కొడుకు పేరునే బ్యాంకులో దాచిపెట్టారు. ఆయనే రాసుకున్నారు ఇది. మా అమ్మ కూడా నా మొదటి జీతం తీసుకుని పోస్టాఫీసులో నా పేరు మీదే వేసింది, పెళ్ళయ్యేదాకా చెప్పలేదు.

సైతామా_తెలుగు:
ఒకటి మర్చిపోయాను. 1986 డిసెంబరులో తన శిష్యులతో కలిసి ఒక ఫోటో పత్రిక ఆఫీసు మీద దాడి చేశారు. కోర్టు ఆరు నెలల శిక్ష వేసి, అమలు ఆపింది. కొన్ని నెలలు టీవీలో కనిపించలేదు. అది తప్పే, అభిమానిగా కూడా నేను వెనకేసుకురాను.

మీ బాబుకి చెప్పండి, రాజుగారూ ఆడతారు. చివరిదాకా ఆగాలి. ఆటల్లో ఔట్ కాకుండా మిగిలినవాళ్ళు చిన్న బండ్లెక్కి కోట మీదికి వస్తే, ఆయనా ఓ బండెక్కి నీళ్ళ తుపాకితో ఎదురొస్తారు. బండికి కట్టిన కాగితం నీళ్ళకి చిరిగితే ఔట్.

హన్మకొండ_90:
ఇప్పుడే వాడి పక్కన కూర్చుని పెట్టానన్నా. బండ్లు వచ్చేశాయి.