సౌధంబు దాపునా, దాపలా?

తంగేడుపూలు: జపాన్‌లో తకాయమాకి వచ్చాం. నిన్న కుసకాబే అనే వర్తకుల ఇల్లు చూశాం, ఇప్పుడది మ్యూజియం. 1875లో ఊళ్లో మంటలకి పాతిల్లు పోతే, 1879లో కవాజిరి జిసుకె అనే వడ్రంగి మేస్త్రి మళ్లీ కట్టాడట. తలెత్తితే నల్లటి లావుపాటి దూలాలు. వీధి వైపు గదులు దాటి లోపలి తోట, ఆ వెనక గిడ్డంగులు. నడుస్తుంటే పోతన గజేంద్రమోక్షంలోని "అల వైకుంఠపురంబులో" పద్యం, "నగరిలో నా మూల సౌధంబు దాపున" అని నోటికొచ్చింది. ఆ తర్వాత ఆగిపోయాను. వెంటనే మందారవనమేనా?

కాడిమాను: మందారవనమే. కానీ దాపున కాదమ్మా, దాపల. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, చూడండి: అల, పల, త్పల, హ్వల. అక్కడ 'న' ఎలా పడుతుంది? దాపల అంటే ఎడమ. దాపటెద్దు, వలపటెద్దు అని మా నాన్న రోజూ అనేవాడు.

తంగేడుపూలు: ప్రాస తట్టలేదండీ, నిజమే. మా మాస్టారు మాత్రం 'దగ్గర' అనే చెప్పారు.

పాతబడి: రెండూ ఒకటేనని నా ఊహ. తోలేవాడు ఎడమ పక్కన నడిస్తే, దాపున ఉన్న ఎద్దే దాపటెద్దు. అసలు చిక్కు 'మూల' దగ్గర ఉంది. మూలవిరాట్టులోని మూల అది. ప్రధాన సౌధం. ఇంటి మూల కాదు.

కాడిమాను: ఒప్పుకోను మాస్టారూ. 'ఆ మూల' అని చెయ్యి చాపి చూపిస్తున్నాడు పోతన. పురం, నగరి, సౌధం, తోట, మడుగు, ఒడ్డు, చంద్రకాంత శిల, కలువల పాన్పు. వాకిట్లోంచి పడకగది దాకా వేలు పట్టుకుని నడిపించాడు. అక్కకి ఆ ఇంట్లో ఈ పద్యమే ఎందుకు గుర్తొచ్చిందంటారు?

రేగుచెట్టు: 'దా'తో ముగిసే మొదటి పాదం రాసి పోతన ఆగిపోతే, రాముడే వచ్చి పూర్తి చేశాడని మా అమ్మమ్మ చెప్పేది. ఆ లెక్కన 'దా' పోతనది, 'పల' రాముడిది! ఇప్పటికీ ఆ పాదం దాటేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది.

పాతబడి: 'ఆమూల' ఒకే పదమైతే? యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం, ఇక్కడ అ-ఆ; ఎలా విడదీసినా చెల్లుతుంది. కాబట్టి ఛందస్సు మీకూ సాక్ష్యం చెప్పదు.

తంగేడుపూలు: రేపు పక్కనే ఉన్న యోషిజిమా వారి ఇంటికి వెళ్తున్నాం. సాకే అనే బియ్యపు మద్యం తయారు చేసి అమ్మిన కుటుంబం, ఇల్లు 1907లో మళ్లీ కట్టినది. పద్యం మొత్తం చదువుకుంటూ తిరుగుతాను. 'మూల'కి పాత టీక ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి.