చదివే అద్దాలతో పుస్తకం స్పష్టం, కంప్యూటర్ తెర మసక: పవర్ తప్పా?

మసకతెర:
నలభై అయిదు దాటినవాళ్లకి చత్వారానికి +1.75 రాశారనుకోండి. పుస్తకం హాయిగా చదవొచ్చు, కంప్యూటర్ తెర మాత్రం మసకే. పవర్ తప్పు రాసినట్టా? ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరం, దగ్గర ఒకే అద్దంలో ఉండేవి) వేయించుకుంటే తీరుతుందా?

అద్దాలబల్ల:
పవర్ తప్పు కాదండీ, దూరం వేరు. చదివే పవర్ సాధారణంగా 40 సెంటీమీటర్ల దగ్గర చూసి రాస్తారు. తెర 60–70 దగ్గర ఉంటుంది. లెక్క చాలా సులువు: 100ని పవర్‌తో భాగించండి. 1.75తో భాగిస్తే 57. దూరపు చూపుకి పవర్ లేనివాళ్లకి ఆ అద్దంలోంచి 57 సెంటీమీటర్లు దాటినదేదైనా మసకగానే కనిపిస్తుంది. కాబట్టి మామూలుగా కూర్చునే తీరులో కూర్చుని, కంటి నుంచి తెర దాకా టేపుతో కొలిపించుకుని, ఆ అంకె పరీక్షకి తీసుకెళ్లండి. తెరకి విడిగా తక్కువ పవర్ రాస్తారు.

ప్రోగ్రెసివ్ గురించి: పైన దూరం, కింద చదువు, మధ్యలో తెరకి పనికొచ్చే సన్నని దారి. రోజంతా తెర ముందు ఉండేవాళ్లు ఆ దారి కోసం గడ్డం పైకెత్తి కూర్చుంటారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అలాంటివాళ్లకి తెర కోసమే ఒక జత మేలని నా అభిప్రాయం. ఒకే జత కావాలంటే తెరని కళ్ల మట్టం కంటే బాగా కిందికి దించాలి.

ప్లస్‌రెండు:
ప్రోగ్రెసివ్ కుదరకపోవడానికి చాలాసార్లు కొలతే కారణం. ముందు ఫ్రేమ్‌ని ముక్కుమీద, చెవుల వెనక సరిచేసి, ఆ తర్వాతే కంటిపాప ఎత్తు గుర్తు పెట్టాలి. సరిచేయకుండా గుర్తు పెడితే, తర్వాత ఫ్రేమ్ రెండు మూడు మిల్లీమీటర్లు జారినా చదివే భాగం కిందికి పోతుంది. ‘పవర్ చాలట్లేదు’ అనిపిస్తే అద్దాల్ని వేలితో కొంచెం పైకెత్తి చదివి చూడండి. అక్షరాలు తేటపడితే మార్చాల్సింది పవర్ కాదు, ముక్కు ప్యాడ్‌లు.

పక్కలకి చూస్తే వంకరగా ఊగినట్టుండటం ఆ అద్దాల స్వభావం. రెండు వారాల్లో చాలామందికి అలవాటవుతుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం తల వంచి పై భాగంలోంచి చూడాలి. కింది భాగంలోంచి చూస్తే మెట్టు అంచు మసకబారి అడుగు తప్పుతుంది.

ఇంకోటి, అద్దాలు పెట్టుకుంటే పవర్ పెరుగుతుందన్న భయం వద్దు. పెట్టుకున్నా మానినా కంటిలోని కటకం గట్టిపడుతూనే ఉంటుంది. అరవై ప్రాంతానికి చదివే పవర్ +2.50 దగ్గర దాదాపు నిలకడగా ఆగుతుంది.

రెటీనాగది:
అన్నీ వయసు ఖాతాలో వేయకండి, ఇది నా ముఖ్యమైన మాట. చత్వారం నెమ్మదిగా, రెండు కళ్లకీ కలిపి వస్తుంది. ఒక కంటికే మసక వస్తే అది చత్వారం కాదు. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని దాచేస్తుంది. అప్పుడప్పుడూ ఒక్కో కన్ను మూసి, అద్దాలు పెట్టుకునే, తలుపు చట్రం లాంటి నిటారు గీత చూడండి. గీత వంకరపోయినా, మధ్యలో చెరిగినా వెంటనే పరీక్ష చేయించాలి.

అరవై దాటాక ఉన్నట్టుండి అద్దాలు లేకుండా చదవగలిగితే సంబరపడకండి. అది తరచు శుక్లం ముదురుతున్న లక్షణం.

నీటికాసులకి (గ్లాకోమాకి) కంటి ఒత్తిడి ఒక్కటే కొలిస్తే చాలదు. 10–21 మి.మీ. పాదరసం మధ్య మామూలు అంటారు గానీ, ఆ లోపలే ఉన్నా కంటి నరం దెబ్బతినొచ్చు. నరం కూడా చూశారా అని అడగండి. షుగర్ ఉంటే కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని ఏటా రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష తప్పనిసరి. చూపు బాగుందని మానకూడదు, రెటీనా దెబ్బ మొదట్లో తెలియదు.

ఒక్కసారిగా నల్లచుక్కల వాన, మెరుపులు, పక్కనుంచి తెర దిగినట్టు నీడ: అదే రోజు వెళ్లాలి. కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు అయితే గంట కూడా ఆగొద్దు.

మసకతెర:
విటమిన్ మాత్రల మాటేమిటి?

రెటీనాగది:
ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు, వాటితో జింక్, విటమిన్ సి, ఇ కలిసిన మాత్రలు వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బు మధ్యస్థ దశలో ఉన్నవాళ్లకి, అది ముదరకుండా కొంత అడ్డుకుంటాయి. జబ్బే లేనివాళ్లకి రాకుండా ఆపవు. పొగ తాగడం మానడం అంతకన్నా ముఖ్యం.

చుక్కలమందు:
మందు చుక్కలు వేసుకునే పద్ధతి కూడా చెప్పాలి, సగం మందు చెంపమీదే పోతుంది. తల వెనక్కి వంచి కింది రెప్పని లాగి, ఆ జేబులో ఒకే చుక్క వేయండి. రెండో చుక్క దండగ, కంట్లో పట్టదు. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కన్ను గట్టిగా నొక్కకుండా మూసి, ముక్కు పక్క మూలని వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచండి. లేకపోతే మందు గొంతులోకి జారుతుంది. రెండో మందుకి కనీసం 5 నిమిషాల ఎడం ఇవ్వండి, లేదంటే మొదటిది కడుక్కుపోతుంది. స్టెరాయిడ్ చుక్కలు పాత చీటీ చూసి మళ్లీ కొనకండి. అవి కొందరిలో కంటి ఒత్తిడిని పెంచుతాయి, నొప్పి ఉండదు కాబట్టి పైకి తెలియదు.