అప్‌వే విషింగ్ వెల్: రాజుగారి బంగారు కప్పు కథలో నిజమెంత?

ప్రశ్న

ఇంగ్లండులోని డోర్సెట్‌లో, వేమత్ పట్టణానికి దగ్గరగా ఉన్న అప్‌వే గ్రామంలోని కోరికల బావిని చూపించడానికి, గుంటూరు నుంచి వస్తున్న మా అమ్మానాన్నలను వచ్చే నెల తీసుకువెళ్లాలనుకుంటున్నాను. మూడో జార్జి రాజు అక్కడ బంగారు కప్పుతో నీళ్లు తాగేవాడనీ, ఆ కప్పే తరువాత ఆస్కాట్ గుర్రప్పందేల బహుమతి అయిందనీ విన్నాను. ఇది ఎంతవరకు నమ్మదగినది? మహానంది కోనేరు చూసిన మా అమ్మగారు అక్కడ ఏ దేవత ఉందని ఇప్పటికే అడుగుతున్నారు. కోరిక కోరుకునే పద్ధతి కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

ముందుగా ఒక మాట: గిలక, బొక్కెన ఉన్న బావిని ఊహించుకుని వెళితే అమ్మగారు నిరాశపడతారు. అది వే నది పుట్టే ఊట మడుగు. ఉత్తరాన ఉన్న రిడ్జ్‌వే కొండల సున్నపురాతిలోకి ఇంకిన వాన నీరు అక్కడ పైకి ఉబికి, కొద్ది మైళ్లు ప్రవహించి, వేమత్ రేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పక్కనే సెయింట్ లారెన్స్ చర్చి ఉన్నప్పటికీ ఊటకు ఏ పుణ్యపురుషుడి పేరూ లేదు. కనుక మొక్కుకోవడానికి దేవత లేదనే చెప్పండి.

పద్ధతి మాత్రం తేలిక. గ్లాసుతో నీళ్లు ముంచి కొంచెం తాగి, ఊటకు వీపు పెట్టి నిలబడి మనసులో కోరుకుని, మిగిలిన నీటిని ఎడమ భుజం మీదుగా వెనక్కి మడుగులోకి విసరాలి. ఒకప్పుడు గ్రామంలోని వృద్ధ స్త్రీలే గ్లాసులు అందించి, సందర్శకులు ఇచ్చే చిల్లర తీసుకునేవారు.

రెండో సమాధానం

రాజు 1789 నుంచి 1805 వరకు తరచుగా వేమత్‌లో విడిది చేసిన మాట నిజమే, అప్‌వేకు రావడంలోనూ వింత లేదు. కప్పు సంగతే నాకు మింగుడుపడదు. ఆస్కాట్ గోల్డ్ కప్ పందెం 1807లో మొదలైంది. గెలిచిన గుర్రం యజమాని కప్పును శాశ్వతంగా తనతోనే ఉంచుకుంటాడు గనుక, ఏటా కొత్త కప్పు చేయించవలసిందే. అలాంటప్పుడు రాజుగారు నీళ్లు తాగిన కప్పు తరతరాలుగా చేతులు మారుతూ వస్తోందన్నట్టు చెప్పే కథ నిలబడదు. మొదటి ఏడాది బహుమతి అదేనని ఎవరైనా వాదించవచ్చు. నాకైతే అది పర్యాటకుల కోసం ఎవరో పేనిన కథలాగే కనిపిస్తుంది. మడుగు దగ్గరి కమానుల రాతి ఆసనం కూడా రాజు కాలానిది కాదు, విక్టోరియా రాణి స్వర్ణోత్సవం సందర్భంగా 1887లో కట్టినది. 1905లో ఈ ఊట పేరుతోనే ఒక చిన్న రైలు హాల్టు తెరిచారంటే (అది ఎప్పుడో మూతపడింది) అప్పటికే ఎందరు వచ్చేవారో ఊహించుకోవచ్చు.

మూడో సమాధానం

పెద్దవాళ్లు వెంట ఉంటారు కాబట్టి చెబుతున్నాను: నీళ్లు తాగించవద్దు. సున్నపురాతి పగుళ్లలో నీరు వేగంగా దిగుతుంది, సరిగా వడపోత జరగదు. పైనున్న పొలాల ఎరువులు, పశువుల మలినాలు అందులో కలిసే అవకాశం ఉంది. నీరు ఎంత తేటగా కనిపించినా సూక్ష్మక్రిములు కంటికి కనబడవు. తాగకుండా, గ్లాసెడు నీళ్లు భుజం మీదుగా విసిరితే చాలు. ఊట ఉన్నది టీ దుకాణం వెనుక తోటలో కనుక, తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని బయలుదేరండి.