సొంత పార్టీ మంత్రిని ఎమ్మెల్యే అడిగితే అది ప్రశ్నేనా?

బ్రాడీపేట_నాలుగోలైను (చర్చ ప్రారంభించినవారు)

పోయిన సమావేశాలప్పుడు మా బంధువు ఒకరు పాసు ఇప్పిస్తే వెలగపూడి వెళ్ళి, శాసనసభ సందర్శకుల గ్యాలరీలో ఒక పూట కూర్చున్నాను. 2017 మార్చి నుంచి సభ మనకు ఇంత దగ్గరలో జరుగుతున్నా, గుంటూరులో ఉంటూ ఒక్కసారీ వెళ్ళలేదు.

ప్రశ్నోత్తరాల సమయం అది. ఒక సభ్యుడు తన నియోజకవర్గంలో ఆగిపోయిన మంచినీటి పథకం గురించి అడిగారు. మంత్రి కాగితం చూసి జవాబు చదివారు. సభ్యుడు ఊరుకోలేదు. “పైపులు వేశామన్నారు, బాగుంది. ట్యాంకు పునాది దగ్గరే ఆగింది. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?” అని అనుబంధ ప్రశ్న వేశారు. మంత్రి తల తిప్పి అధికారులు కూర్చునే వైపు చూశారు. ఒక చీటీ చేతులు మారి ఆయన దగ్గరకు వచ్చింది. అది చదివాక ట్యాంకు పని మొదలు కాలేదని ఒప్పుకున్నారు. ఇద్దరిదీ ఒకే పార్టీ.

ఇంటికొచ్చి చెబితే మా అన్నయ్య “వాళ్ళలో వాళ్ళు అడిగితే దాన్ని ప్రశ్న అనరు” అని కొట్టిపారేశాడు. నాకు మాత్రం అది నిజమైన ప్రశ్నగానే అనిపించింది. మీరేమంటారు?

బెజవాడ_బీసెంట్‌రోడ్డు

మీ అన్నయ్య చెప్పిందే నిజం. 175 మందిలో 164 మంది ఒకే కూటమి వాళ్ళు. మిగిలిన 11 మంది వైసీపీ సభ్యులు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు రావడం మానేశారు. ఇక అడిగేది ఎవరు? పదవి కోసం ఎదురుచూసే సభ్యుడు మంత్రిని ఎంతవరకు నిలదీస్తాడు? ట్యాంకు కట్టలేదని అడగగలడు. ఆ కాంట్రాక్టు ఎవరికి ఇచ్చారని అడగగలడా? ప్రశ్న పదును తేలేది అక్కడ.

కృష్ణలంక_కరకట్ట

రానిది ఈ 11 మందే కాదు కదండీ. 2017 నవంబరు నుంచి అదే పార్టీ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు గారు సభలోంచి బయటికి వచ్చి, ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగుపెడతానన్నారు. ఓటు వేసి పంపిన మాకు ఎవరు చెప్పారు, మీ తరఫున అడగడం మానేస్తున్నామని?

బెజవాడ_బీసెంట్‌రోడ్డు

రెండూ ఒకటి కావు. ఆయన ఒక్కరే బయటికి వచ్చారు, ఇక్కడ

నిర్వాహకుడు

పార్టీల లెక్క ఇక్కడితో ఆపండి. ఇరువైపులా ఆ తరువాత వచ్చిన తొమ్మిది వ్యాఖ్యలు తొలగించాను. అసలు ప్రశ్న మీద మాట్లాడండి.

పాత_ఫైలు

అధికార పక్షం వాళ్ళు అడిగితే ప్రశ్న కాదనడం చరిత్ర తెలియని మాట. 1957లో జీవిత బీమా సంస్థ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో ఎందుకు పెట్టారని లోక్‌సభలో అడిగింది రామ్ సుభగ్ సింగ్. ఆయన కాంగ్రెస్ సభ్యుడే. తరువాత దాన్ని పట్టుకుని వదలని ఫిరోజ్ గాంధీ కూడా కాంగ్రెస్ సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. న్యాయమూర్తి ఛాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఒక ప్రశ్నతో మొదలైన వ్యవహారం అది.

ఇక సంఖ్యాబలం అంటారా, మన సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి వెనక ఎంతమంది ఉన్నారు? ఆయన లేచి నిలబడితే సభ విన్నది. అడిగేవాడికి విషయం తెలిసి ఉండాలి. మొదటి జవాబు మంత్రికి రాసి ఇస్తారు, అది ఎవరైనా చదువుతారు. అనుబంధ ప్రశ్నలోనే మంత్రికి శాఖ మీద పట్టు ఉందో లేదో తెలిసిపోతుంది. బ్రాడీపేట గారు చూసిన చీటీ అదే.

మిర్చి_టిక్కీ

పెద్దలు పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. నాది ఒక్కటే సందేహం. లోక్‌సభలో ప్రశ్నకు నోటీసు 15 రోజుల ముందు ఇవ్వాలట. ఆ తరువాత లాటరీ. మౌఖిక జవాబుకు రోజుకు 20 ప్రశ్నలే. ఆ ఇరవైలో కూడా చాలావాటికి గంట చాలదు, కాగితం మీద జవాబు ఇచ్చి సరిపెడతారు.

2025 ఫిబ్రవరిలో మిర్చి యార్డుకు టిక్కీలు (బస్తాలు) తీసుకెళ్ళాను. తేజ రకం, ఎండు బాగా వచ్చిన కాయ. వేలం పాడేవాడు గుప్పెడు తీసి, వాసన చూసి చెప్పిన ధరకు నా కాళ్ళు ఆడలేదు. మర్నాడు ఇంకా తగ్గింది. పదిహేను రోజులు ఆగి అడిగితే నా కాయ ఎవరి గోదాములో ఉంటుంది? అప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. రైతులు రోడ్డెక్కారు, నాయకులు ఢిల్లీకి లేఖలు రాశారు, మంత్రిని కలిశారు. కాబట్టి వచ్చింది. ఇందులో ప్రశ్నోత్తరాలు చేసిందేమిటి? నాకు తెలిసి ఎమ్మెల్యే లేఖ పట్టుకుని మంత్రి గదికి వెళితే అయ్యే పని, సభలో అడిగితే కాదు.

ఏలూరుకాలువ_గట్టు

మిర్చి అన్న చెప్పిన మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

పాత_ఫైలు

అత్యవసరమైతే స్వల్ప వ్యవధి ప్రశ్న ఉంది. ప్రశ్నోత్తరాల తరువాత అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్ ఉంది. నియమాలు చదవకుండా

మిర్చి_టిక్కీ

స్వల్ప వ్యవధి ప్రశ్నకు మంత్రి ఒప్పుకోవాలి. చదివే అడుగుతున్నాను. రైతుకు చదువు రాదనుకోకండి.

పాత_ఫైలు

తప్పు నాదే. మన్నించండి.

కానీ లేఖ విషయంలో మీతో ఏకీభవించను. సచివాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను, హైదరాబాదులోనూ, ఇక్కడికి వచ్చాకా. ఎమ్మెల్యే లేఖ వస్తే దాని మీద “తగు చర్య నిమిత్తం” అని రాసి కింది కార్యాలయానికి పంపేవాళ్ళం. తిరిగి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ లేఖ గురించి మమ్మల్ని అడిగే నాథుడు ఉండడు. శాసనసభ ప్రశ్న వచ్చిందంటే సెక్షన్ అంతా లేచి కూర్చుంటుంది. దానికి తేదీ ఉంటుంది. జిల్లాల నుంచి ఫోనుల మీద సమాచారం తెప్పించాలి, జవాబు రాయాలి, అనుబంధ ప్రశ్నలు ఏమేం రావచ్చో ఊహించి మంత్రికి విడిగా నోట్ తయారు చేయాలి. రాత్రి పదకొండింటికి ఇంటికి వెళ్ళిన రోజులు ఎన్నో. ఎన్నో ఏళ్ళుగా కదలని ఫైలు ఒక ప్రశ్న వల్ల బల్ల మీదకు రావడం నా కళ్ళతో చూశాను. మేము భయపడింది ప్రశ్నకే. లేఖకు ఎప్పుడూ భయపడలేదు.

బ్రాడీపేట_నాలుగోలైను

ఇది నాకు తెలియదు. అయితే ఆ గంట వెనక పదిరోజుల పని ఉందన్నమాట.

సుద్దముక్క

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, రాయకూడదనుకున్నాను. “పాత ఫైలు” గారి మాట చూశాక ఆగలేకపోయాను.

నేను ఒక ఎయిడెడ్ కళాశాలలో అన్‌ఎయిడెడ్ పోస్టులో చేరిన తెలుగు అధ్యాపకుణ్ణి. పక్క గదిలో అదే పాఠం చెప్పే ఆయనకు ప్రభుత్వ జీతం, నాకు యాజమాన్యం ఇచ్చినంత. 2009లో ఒక శాసనమండలి సభ్యుడు మాలాంటివాళ్ళ గురించి ప్రశ్న వేశారు. ఆ కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. (అ) అలాంటి అధ్యాపకులు ఉన్న మాట వాస్తవమేనా? అవునండి. (ఆ) వారిని క్రమబద్ధీకరించే ప్రతిపాదన ఉన్నదా? విషయం పరిశీలనలో ఉన్నది. (ఇ) ఉన్నచో ఎప్పటిలోగా? ఇప్పుడే చెప్పజాలము.

ప్రశ్న వచ్చింది. సెక్షన్ లేచి కూర్చుంది. మీరు రాత్రి పదకొండింటి దాకా మేలుకుని రాసింది ఈ మూడు ముక్కలా?

పాత_ఫైలు

మాస్టారూ, “పరిశీలనలో ఉంది” అన్నది తేలిక మాట కాదు. పార్లమెంటు లెక్క ప్రకారం అది హామీ కిందకు వస్తుంది. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఏ ఏ మాటలు హామీలవుతాయో జాబితాయే ఉంది. అందులో ఇది ఒకటి. “సమాచారం సేకరిస్తున్నాము” అన్నదీ ఒకటి. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పొడిగించమని అడగాలి. రాష్ట్రంలోనూ అలాంటి కమిటీ ఉంది. కాబట్టి మీకు వచ్చింది జవాబే.

సుద్దముక్క

హామీ అయితే ఏమైంది?

పాత_ఫైలు

మీ శాఖలో ఏమైందో నాకెలా తెలుస్తుంది? నేను చెప్పేది నియమం గురించి.

బెజవాడ_బీసెంట్‌రోడ్డు

నియమం, నియమం. మాస్టారు జీవితం గురించి మాట్లాడుతుంటే మీరు జాబితాలు చదువుతున్నారు.

పాత_ఫైలు

జాబితా లేకపోతే ఆ జీవితం గురించి అడగడానికి దారి కూడా ఉండదు. 2020 సెప్టెంబరులో కోవిడ్ అని పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం రద్దు చేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. ఆ రాత జవాబుల్లోనే ఒకదానిలో, లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ చెప్పింది. దేశమంతా ఆ మాట పట్టుకుని అడిగింది. లెక్క లేదన్న మాట ప్రభుత్వం నోటి నుంచి రాబట్టింది ఒక ప్రశ్న. జవాబు మనకు నచ్చకపోవచ్చు. రికార్డులో పడటం ముఖ్యం.

సుద్దముక్క

రికార్డు, రికార్డు! ఆ రికార్డును ఏం చేసుకోను? మా అమ్మాయి పెళ్ళికి ఆ కాగితం తాకట్టు పెట్టనా? మీలాంటి వాళ్ళు బల్లల ముందు కూర్చుని రాసిన ఒక్క వాక్యం పట్టుకుని పదకొండేళ్ళు బతికాను. 2020లో కళాశాల మూతబడ్డప్పుడు జీతం ఆపేశారు. ఆ వాక్యం రాసినవాళ్ళకు పింఛను వస్తూనే ఉంది.

నిర్వాహకుడు

మాస్టారూ, వ్యక్తిగతంగా వద్దు.

మిర్చి_టిక్కీ

ఆయన్ను రాయనివ్వండి.

పాత_ఫైలు

నన్ను తిట్టండి, పడతాను. కానీ అబద్ధం రాశామనుకోవద్దు. ఫైలు నిజంగానే పరిశీలనలో ఉంటుంది. ఆర్థిక శాఖకు వెళుతుంది, ప్రశ్నలతో వెనక్కి వస్తుంది, మళ్ళీ వెళుతుంది. ఆ స్థితిలో “ప్రతిపాదన లేదు” అని రాస్తే అది అబద్ధం. ఇస్తామని రాసే అధికారం మాకు లేదు. ఇంకేమి రాయాలి? నిజం చెప్పాలంటే, “కాదండి” అని రాసి పంపితే పైనుంచి వెనక్కి వచ్చేది. సభలో ఏ మంత్రీ ముఖం మీద కాదని చెప్పడానికి ఇష్టపడరు. “ప్రశ్న ఉత్పన్నం కాదు” అన్నా గొడవ. అందుకని మధ్యేమార్గంగా ఆ మాట. మేము మీ ఆశను చంపకూడదనే అనుకున్నాము. నేనైతే అలాగే అనుకుని రాసేవాణ్ణి.

సుద్దముక్క

నా కోపం ఎక్కడుందో ఇప్పుడు నాకే తెలిసింది.

2009లో నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. అదే ఏడాది వేసవిలో హైదరాబాదులో ఒక ప్రైవేటు కళాశాల మూడు రెట్ల జీతానికి పిలిచింది. సంచీ సర్దుకున్నాను. సరిగ్గా అప్పుడే ఈ కాగితం వచ్చింది. స్టాఫ్ రూములో పద్నాలుగు మందిమి దాని చుట్టూ నిలబడి చదివాము. “పరిశీలనలో ఉన్నదంటే సగం అయినట్టే” అని పెద్దాయన ఒకరు అన్నారు. అందరం టీలు తెప్పించుకున్నాము. నేను వెళ్ళలేదు. మాలో ఇద్దరు వెళ్ళారు, బాగుపడ్డారు.

నాకు ఉద్యోగం ఇవ్వలేదని నా ఫిర్యాదు కాదు. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని చెప్పే హక్కు ప్రభుత్వానికి ఉంది. “కాదండి” అని ఉంటే ఆ సాయంత్రమే రైలెక్కేవాణ్ణి. మీరంతా ఎవరు అడగాలి, ఏ పార్టీ వాళ్ళు అడగాలి అని వాదించుకుంటున్నారు. మమ్మల్ని గురించి అడిగిన సభ్యుడు మంచివాడే. అడగవలసిన తీరులోనే అడిగాడు. చెప్పవలసిన మాట చెప్పలేదు, అంతే. పాత ఫైలు గారూ, మీరు ఆశను కాపాడామంటున్నారు. ఆ ఆశను మోసినవాణ్ణి నేను.

బ్రాడీపేట_నాలుగోలైను

మాస్టారూ, మాటలు రావడం లేదు. నేను చూసిన ఆ మంత్రి ట్యాంకు మొదలు కాలేదని ఒప్పుకున్నప్పుడు గ్యాలరీలో నా పక్కన కూర్చున్న ముసలాయన “హమ్మయ్య” అన్నాడు. ట్యాంకు రాకపోయినా ఎందుకలా అన్నాడో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది.

బెజవాడ_బీసెంట్‌రోడ్డు

నేను ఇప్పటికీ అనేది, ఎదురుగా గట్టి ప్రతిపక్షం ఉంటే ఆ (ఇ) దగ్గర వదిలిపెట్టేవారు కాదు. “ఎప్పటిలోగా” అన్నదానికి తేదీ చెప్పేదాకా కూర్చోబెట్టేవారు.

కృష్ణలంక_కరకట్ట

2009లో ప్రతిపక్షం గట్టిగానే ఉందండీ.

పాత_ఫైలు

రాత్రంతా ఆలోచించాను. మాస్టారు చెప్పినట్టు ఎవరో ఒకరు నా వాక్యం చదివి రైలు మానుకుని ఉంటారన్న సంగతి ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఒక్కసారీ తోచలేదు. జవాబు సభకు వెళుతుందనే అనుకున్నాను, స్టాఫ్ రూముకు వెళుతుందని అనుకోలేదు. అయినా ప్రశ్న వృథా అనడానికి నా మనసు ఒప్పుకోదు. ఆ మాటకు కట్టుబడే ఉన్నాను.

మాస్టారూ, ఆ కాగితం మీద ప్రశ్న సంఖ్య, తేదీ ఉంటాయి. ఇవ్వగలరా? నాతో పనిచేసినవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. మండలి చర్చల సంపుటాలు వెతికించి, హామీల కమిటీ ముందుకు అది వెళ్ళిందో లేదో చూస్తాను.

సుద్దముక్క

సంఖ్య మడత దగ్గర చిరిగిపోయింది. టేపు వేశాను కానీ అక్షరాలు పోయాయి. తేదీ ఉంది, విడిగా పంపుతాను.

ఒక షరతు. అది హామీగా ఎక్కడా నమోదు కాలేదని తేలితే ఆ మాటే సూటిగా ఇక్కడ రాయండి. పరిశీలిస్తున్నానని మాత్రం రాయవద్దు.