స్క్విడ్‌కి మళ్లించిన 80 పోర్టు (హెచ్‌టీటీపీ) ట్రాఫిక్ మూడో ప్యాకెట్ దగ్గరే ఆగిపోతోంది

గుంటూరు బ్రాడీపేటలో 40 సిస్టమ్‌ల ల్యాబ్. లైనక్స్ ఫైర్‌వాల్ 192.168.1.1, స్క్విడ్ (డౌన్‌లోడ్‌లని కాష్ చేసే ప్రాక్సీ) 192.168.1.10, రెండూ ఒకే స్విచ్ మీద. ఫైర్‌వాల్‌లోనే డీనాట్ (గమ్యం అడ్రస్ మార్చడం) చేస్తే అసలు గమ్యం ఐపీ పోతుంది, ఇంటర్‌సెప్ట్ మోడ్‌కి (క్లయింట్‌లో ప్రాక్సీ సెట్ చేయకుండానే స్క్విడ్ ట్రాఫిక్ పట్టుకునే పద్ధతి) అదే కావాలి. అందుకే ఆ ప్యాకెట్లకి ఫైర్‌వాల్‌లో మార్క్ (గుర్తు) వేసి, ఆ గుర్తుని బట్టి దారి ఎంచే పాలసీ రూటింగ్‌తో స్క్విడ్‌కి పంపుతున్నాం. 80 నుంచి స్క్విడ్ వినే 3129 పోర్టుకి రీడైరెక్ట్ స్క్విడ్ బాక్స్‌లో ఉంది. లూప్ పడకుండా స్క్విడ్ ఐపీ నుంచి వచ్చే ట్రాఫిక్‌కి మార్క్ వేయట్లేదు.

టీసీపీడంప్‌లో (ప్యాకెట్లు చూపించే టూల్) టీసీపీ కనెక్షన్ మొదలయ్యే మూడు ప్యాకెట్లు చూస్తే సిన్ వెళ్తోంది, సిన్-యాక్ ఫైర్‌వాల్‌ని తాకకుండా నేరుగా క్లయింట్‌కి వచ్చేస్తోంది, ఆ తర్వాతి యాక్ ఫైర్‌వాల్ దగ్గర గల్లంతు. తిరుగు ప్యాకెట్ చూడలేదు కాబట్టి కాన్‌ట్రాక్ (ఫైర్‌వాల్‌లో కనెక్షన్ల స్థితిని గుర్తుంచుకునే భాగం) ఆ యాక్‌ని ఇన్‌వాలిడ్ కింద పడేస్తున్నట్టుంది.

ఫైర్‌వాల్ రా టేబుల్‌లో నోట్రాక్ (ఈ ప్యాకెట్లని కాన్‌ట్రాక్ పట్టించుకోవద్దనే రూల్) పెడితే సరిపోతుందా, లేక స్క్విడ్‌ని ఫైర్‌వాల్ మూడో ల్యాన్ కార్డు మీద వేరే సబ్‌నెట్‌లోకి మార్చాలా? 443 (హెచ్‌టీటీపీఎస్) జోలికి పోవట్లేదు, ఉబుంటు ప్యాకేజీలు కాష్ అయితే చాలు. ఇలా నడిపినవాళ్లు రూల్స్‌తో సహా చెప్పగలరు.