అమ్మకి త్రీడీ మ్యాపింగ్‌తో అబ్లేషన్: చేయించుకున్నవాళ్లు కాస్త చెప్తారా?

అందరికీ నమస్కారం. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. అమ్మకి 58 ఏళ్లు. రెండేళ్లుగా ఉన్నట్టుండి గుండె దడ మొదలవుతోంది. మొన్న పూజగదిలో వత్తులు చేస్తూ చేస్తూ ఆగిపోయింది. చేతిలో దూది అలాగే ఉంది, మెడ దగ్గర నరం టపటపా కొట్టుకోవడం ఎదురుగా ఉన్న నాకే కనిపించింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్లేసరికి పల్స్ 170. ఏట్రియల్ టాకికార్డియా (గుండె పై గదుల్లో పుట్టే దడ) అన్నారు. మందులతో తగ్గట్లేదు.

ఇప్పుడు ఈపీ డాక్టర్ గారు (గుండె కరెంటు సమస్యలు చూసే డాక్టర్) అబ్లేషన్ చేద్దామంటున్నారు. తొడ దగ్గర సిరలోంచి సన్నటి తీగల్లాంటి క్యాథెటర్లు గుండెలోకి పంపి, గుండెలో పుట్టే కరెంటు ఒక్కో చోటికి ఎప్పుడు చేరుతోందో కొలిచి, కంప్యూటర్‌లో రంగుల త్రీడీ మ్యాప్ తయారుచేస్తారట. అన్నిటికంటే ముందు సిగ్నల్ వచ్చే చోటు ఎరుపు, ఆఖరున చేరే చోటు ఊదా. దడ పుట్టే ఆ చోటు దొరికితే అక్కడే వేడితో కాలుస్తారు. ఎక్స్‌రే వాడకం కూడా తగ్గుతుందట. ఖర్చు ఎక్కువే, అయినా అమ్మలాంటి కేసుకి మ్యాప్ ఉండాల్సిందేనని నాకూ అనిపిస్తోంది.

నా అసలు టెన్షన్ ఏంటంటే, టేబుల్ మీద ఆ దడ రాకపోతే మ్యాప్ సరిగ్గా రాదట. మందు ఇచ్చి రప్పించే ప్రయత్నం చేస్తామన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందా? అప్పుడు ఏం చేశారు, మళ్లీ ఇంకోసారి వెళ్లాల్సి వచ్చిందా? దడ మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపమన్నారు? హైదరాబాద్‌లో చేయించుకున్నవాళ్లు మ్యాపింగ్ క్యాథెటర్ ఖర్చు ప్యాకేజీలోనే కలిపారా, విడిగా వేశారా అన్నది కూడా చెప్పండి. ఆరోగ్యశ్రీలో దీనికి అప్రూవల్ వచ్చినవాళ్లు ఉంటే దయచేసి తప్పకుండా రాయండి. వచ్చే సోమవారం డాక్టర్ గారికి మా నిర్ణయం చెప్పాలి.