హెర్బర్ట్ ప్రొహాస్కా గురించి మూడు సందేహాలు

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఆస్ట్రియా మిడ్‌ఫీల్డర్, కోచ్ హెర్బర్ట్ ప్రొహాస్కా మీద తెలుగు వికీపీడియాకు వ్యాసం రాస్తూ మూడు చోట్ల ఆగిపోయాను. 1983లో రోమా ఇటలీ ఛాంపియన్ అయిన వెంటనే ఆయన ఆ జట్టును ఎందుకు వీడారు? 1978 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీని ఓడించిన గోల్ ఆయనదేనా? కోచ్‌గా ఆయన జట్టు 0-9 తేడాతో ఓడిన సంగతికి వ్యాసంలో ఎంత చోటు ఇవ్వాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: నమస్కారమండీ. మొదటి సందేహానికి జవాబు ఆయన ఆటలో కాదు, ఇటలీ నిబంధనల్లో ఉంది. 1966 ప్రపంచకప్‌లో ఉత్తర కొరియా చేతిలో ఓడిన తరువాత విదేశీ ఆటగాళ్లకు తలుపులు మూసిన ఇటలీ లీగ్, 1980లో క్లబ్బుకు ఒక్కరి చొప్పున మళ్లీ అనుమతించింది. ఆ ఒక్క స్థానానికి అప్పటి ఛాంపియన్ ఇంటర్ మిలాన్ ఎంచుకున్నది, ఆస్ట్రియా వియన్నా క్లబ్బులో ఎదిగిన పాతికేళ్ల ప్రొహాస్కానే. అక్కడ 1982లో ఇటలీ కప్ గెలిచి ఆయన రోమాకు వచ్చారు. అప్పటికి విదేశీయుల పరిమితి ఇద్దరికి పెరిగింది కనుక, నిల్స్ లీడ్‌హోల్మ్ శిక్షణలో బ్రెజిల్ ఆటగాడు ఫల్కావుతో కలిసి మధ్యభాగంలో ఆడారు. 1942 తరువాత రోమా మళ్లీ ఛాంపియన్ అయింది ఆ సీజన్‌లోనే. అయితే ఆ వేసవిలోనే క్లబ్బు మరో బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ టోనీ సెరెజోను తీసుకోవడంతో, ఇద్దరే ఉండవలసిన చోట ముగ్గురయ్యారు. ప్రొహాస్కా వియన్నాకు తిరిగి వెళ్లి, పాత క్లబ్బుతో 1984, 1985, 1986 సంవత్సరాల్లో వరుసగా లీగ్ గెలిచారు. కాబట్టి "రోమాలో రాణించలేకపోయారు" అనే అర్థం వచ్చే వాక్యం దయచేసి రాయవద్దు.

రెండో విషయం సూటిగా చెప్పవచ్చు. 1978 జూన్ 21న కోర్డోబాలో 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ప్రొహాస్కా ఆడారు కానీ గోల్ కొట్టలేదు. రెండు గోల్స్ హాన్స్ క్రాంక్ల్‌వి, ఒకటి జర్మన్ డిఫెండర్ బెర్టి ఫోక్ట్స్ సొంత వలలోకే పంపినది. ప్రొహాస్కా చిరస్మరణీయమైన గోల్ అంతకుముందు 1977 అక్టోబరు 30న టర్కీలోని ఇజ్మిర్‌లో, బూటు కొనతో పొడిచినట్లుగా కొట్టినది. ఆ 1-0 విజయంతోనే ఆస్ట్రియా 1958 తరువాత తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత పొందింది. నా దృష్టిలో వ్యాసం అక్కడి నుంచే మొదలుకావాలి.

ప్రశ్న: ఎంతో స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. మరి కోచ్‌గా ఆయన జీవితం?

సమాధానం: 1999 మార్చి 27న వాలెన్సియాలో స్పెయిన్ చేతిలో ఎదురైన ఆ 0-9 ఓటమి నిజమే, దాని తరువాత ఆయన రాజీనామా చేసిన మాటా నిజమే. దాన్ని దాచకండి, కానీ రెండు వాక్యాలు మించనివ్వకండి. అంతకు ముందు కోచ్‌గా ఆయన ఆస్ట్రియా వియన్నాకు 1991, 1992లలో లీగ్ టైటిళ్లు అందించారు. 1993లో జాతీయ జట్టు పగ్గాలు చేపట్టి, స్కాట్లండ్, స్వీడన్ ఉన్న గ్రూపులో మొదటి స్థానంతో 1998 ప్రపంచకప్‌కు చేర్చారు. ఫ్రాన్స్‌లో ఆస్ట్రియా చేసిన మూడు గోల్స్, అంటే కామెరూన్‌పై పోల్స్టర్, చిలీపై వాస్టిచ్, ఇటలీపై హెర్జోగ్ కొట్టినవి, మూడూ ఆట ముగియబోయే క్షణాల్లో వచ్చినవే. రెండు మ్యాచ్‌లు 1-1తో డ్రా అయ్యాయి, మూడోది 1-2తో చేజారింది. 2002 నుంచి 2022 వరకు జరిగిన ఆరు ప్రపంచకప్‌లలో ఒక్కదానికీ ఆస్ట్రియా చేరలేదన్న వాస్తవాన్ని దాని పక్కనే చేర్చి చెబితేనే ఆ అర్హత విలువ పాఠకుడికి తెలుస్తుంది.

పరిచయ పేరాలో జాతీయ జట్టుకు 83 మ్యాచ్‌లు, 10 గోల్స్ అని రాసి, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య స్వర్ణోత్సవాల సందర్భంగా గత యాభై ఏళ్లలో తమ ఉత్తమ ఆటగాడిగా ఆస్ట్రియా సంఘం ఆయన్నే ఎంపిక చేసిందని చేర్చండి. స్పెయిన్ మ్యాచ్‌ను కోచింగ్ విభాగం చివర, తేదీ క్రమంలో దాని చోటనే ఉంచండి.